యజమాని ఎవరన్న ప్రశ్న - స్వర్గీయ దామోదరం సంజీవయ్య కృషి
(ఫిబ్రవరి 14 జయంతి ప్రత్యేక వ్యాసం)

హొళగుంద : కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతమైన హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల నుండి వానలు కరువైన ఏడాదుల్లో అనేక కుటుంబాలు దూర నగరాలకు వలస వెళ్ళడం విదితమే. మేస్త్రీ మాటపై పనిలో చేరిన కూలీ ప్రమాదానికి గురైనపుడు పరిహారం ఎవరు చెల్లించాలన్న వివాదం తలెత్తుతుంది. మేస్త్రీ గుత్తేదారును చూపుతాడు. గుత్తేదారు సంస్థను చూపుతాడు. సంస్థ తన హాజరుపట్టీలో ఆ పేరే లేదంటుంది. ఈ చిక్కుకు సంబంధించిన ముఖ్యమైన చట్టం వెలువడిన కాలంలో కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నవారు ఈ జిల్లా వాసియే అయిన స్వర్గీయ దామోదరం సంజీవయ్య.

ఆయన 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపంలోని పెద్దపాడు గ్రామంలో నిరుపేద దళిత కుటుంబంలో జన్మించారు. శైశవంలోనే తండ్రిని కోల్పోయారు. అనంతపురం దత్తమండల కళాశాలలో పట్టభద్రులై, మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించారు. 1960 జనవరి నుండి 1962 మార్చి వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేశారు. దేశంలో ఆ పదవిని అలంకరించిన తొలి దళిత నేత ఆయనే. అనంతరం అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1964లో కేంద్ర కార్మిక మంత్రిగా బాధ్యతలు చేపట్టారు. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. 1970లో ఆ శాఖ తిరిగి ఆయనకు లభించింది.

అప్పటికి అమలులో ఉన్న 1923 నాటి పనివారల నష్టపరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం, గుత్తేదారు ద్వారా పని చేయించుకున్న ప్రధాన యజమాని సైతం పరిహారానికి బాధ్యుడు. చెల్లించిన మొత్తాన్ని ఆయన గుత్తేదారు నుండి రాబట్టుకోవచ్చు. అయితే ఆ పని సంస్థ వ్యాపారంలో సాధారణ భాగమై ఉండాలి. ప్రమాదం సంస్థ ఆధీనంలోని ఆవరణలో గాని, దాని పరిసరాలలో గాని జరిగి ఉండాలి. వ్యాజ్యాలు ఎక్కువగా ఈ రెండు షరతుల చుట్టూనే తిరిగాయి. పత్తి మిల్లులో దూది బేళ్ళు కట్టడం వ్యాపారంలో భాగమే. అదే మిల్లు గోడకు సున్నం వేయడం భాగమా, కాదా అన్నచోట వాదం మొదలవుతుంది. పైగా తాను అక్కడ పనిచేసినట్లు నిరూపించుకునే కాగితమే కూలీ వద్ద ఉండేది కాదు.

1970 సెప్టెంబరులో వెలువడి, 1971 ఫిబ్రవరి 10న అమలులోకి వచ్చిన కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, రద్దు చట్టం ఈ లోటును కొంత తీర్చింది. ప్రధాన యజమాని తన సంస్థను నమోదు చేయించాలని, గుత్తేదారు లైసెన్సు పొందాలని, ఇరువురూ రిజిస్టర్లు నిర్వహించాలని నిర్దేశించింది. గుత్తేదారు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమానియే చెల్లించాలని శాసించింది. పరిహారం ఈ చట్టం పరిధిలోనిది కాకపోయినా, ఎవరి వద్ద ఎవరు పనిచేశారన్న దానికి లిఖిత ఆధారం ఏర్పడింది. అయితే 20 మందికి తక్కువగా ఉన్న కూలీల జట్లు దీని పరిధిలోకి రాలేదు. మేస్త్రీ వెంట వెళ్ళే చిన్న జట్లకు ఆ రక్షణ అందలేదు.

సంజీవయ్య 1972 మే 7న ఢిల్లీలో కన్నుమూశారు. కర్నూలు జిల్లాలోని గాజులదిన్నె జలాశయం, విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆయన పేరును ధరించాయి.

2025 నవంబరు 21 నుండి ఈ రెండు చట్టాల స్థానంలో కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. ప్రధాన యజమాని బాధ్యత కొనసాగుతున్నప్పటికీ, కాంట్రాక్టు కార్మిక నిబంధనలు వర్తించే పరిమితి 50 మందికి పెరిగింది. ఈ దృష్ట్యా చిన్న జట్లలో వెళ్ళే కూలీల పేర్లు, పనిచోటు, పని చేయించుకునే సంస్థ వివరాలు ప్రయాణానికి ముందే నమోదు కావడం ఎంతైనా అవసరం. ప్రమాదం జరిగిన పిమ్మట యజమాని కోసం వెదకవలసిన దుస్థితి కూలీ కుటుంబానికి రాకుండా చూడడమే ఆ మహనీయునికి అర్పించగల నిజమైన నివాళి.