శిఖరం చేరని విజేత – హంబోల్ట్

ఉన్నత పర్వతాలు అనాదిగా మానవుణ్ణి ఆకర్షిస్తున్నాయి. శిఖరాలను అధిరోహించినవారి పేర్లు చరిత్రలో నిలవడం సహజం. కాని శిఖరం చేరకుండానే వెనుదిరిగి, ఆ పర్వతానికి విశ్వఖ్యాతి తెచ్చిన మహనీయుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్.

ఆయన 1769 సెప్టెంబరు 14న జర్మనీలోని బెర్లిన్ నగరంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో వెర్నర్ అనే ఆచార్యుని వద్ద భూగర్భశాస్త్రం అభ్యసించి, గనుల అధికారిగా పనిచేశాడు. భూమిపై శిలలు అధికభాగం ఆదిమ సముద్రజలాల నుండి ఏర్పడ్డాయని ఆ గురువు బోధించేవాడు. ప్రకృతిని స్వయంగా పరిశీలించాలన్న తపన హంబోల్ట్‌ను నిలవనీయలేదు. 1796లో తల్లి మరణానంతరం సంక్రమించిన ఆస్తిని యాత్రలకు వెచ్చించదలచి ఉద్యోగం విడిచిపెట్టాడు. 1799లో బోంప్లా అనే వృక్షశాస్త్రజ్ఞునితో కలిసి దక్షిణ అమెరికాకు బయలుదేరాడు.

నేటి ఈక్వెడార్ దేశంలో చింబొరాజో అనే అగ్నిపర్వతం ఉంది. భూమధ్యరేఖకు చేరువలో ఉన్నా దాని శిఖరం నిత్యం హిమావృతం. ఎత్తు 6,263 మీటర్లు. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన పర్వతం అదేనని భావించేవారు. 1802 జూన్ 23న హంబోల్ట్ దానిని ఎక్కసాగాడు. సహాయకులలో పలువురు మంచు మొదలైన చోటనే ఆగిపోయారు. బోంప్లా, మొంతుఫార్ అనే యువకుడు, మరొక స్థానికుడు మాత్రమే ఆయన వెంట నడిచారు. దారి కత్తి అంచువలె సన్నగిలింది. పొగమంచు కమ్మింది. చిగుళ్ళ నుండి రక్తం స్రవించింది, కళ్ళు ఎర్రబారాయి, తలలు తిరిగాయి. అయినా ఆయన వాయుభారమాపకంతో ఎత్తును కొలవడం మానలేదు. చివరకు ఒక అగాధం దారికి అడ్డుపడింది. అప్పటికి ఆయన లెక్క ప్రకారం సుమారు 5,900 మీటర్ల ఎత్తుకు చేరారు. మరొక మార్గం లేక వెనుదిరిగారు.

ఆ యాత్ర వ్యర్థం కాలేదు. పర్వతాలపై కలిగే అస్వస్థతకు ప్రాణవాయువు కొరతే కారణమని హంబోల్ట్ ఊహించాడు. ఏ ఎత్తున ఏ మొక్కలు పెరుగుతాయో చూపుతూ చింబొరాజో చిత్రపటాన్ని రూపొందించి 1807లో ప్రకటించాడు. శీతోష్ణస్థితికీ వృక్షజాలానికీ గల సంబంధం ఆ ఒక్క పటంలో ప్రత్యక్షమైంది. ఆండీస్ అగ్నిపర్వతాలను పరిశీలించిన మీదట, భూమి లోపలి అగ్ని కూడా శిలలను సృష్టిస్తుందని గ్రహించి, గురువు సిద్ధాంతాన్ని విడనాడాడు. గురుభక్తి కన్న సత్యనిష్ఠ ఆయనకు మిన్న అయింది.

తరువాత హిమాలయ శిఖరాలు అంతకంటె ఎత్తైనవని తెలిసింది. వాటిని దర్శించాలని ఆయన ఎంతగానో ఆశించాడు. కాని ఈస్టిండియా కంపెనీ అనుమతి ఇవ్వలేదు. ఆ కోరిక తీరకుండానే, 1859 మే 6న, తన 89వ ఏట ఆయన కన్నుమూశాడు.

1880లో ఆంగ్లేయుడైన ఎడ్వర్డ్ వింపర్ ఇద్దరు ఇటాలియన్ మార్గదర్శకులతో చింబొరాజో శిఖరాన్ని తొలిసారిగా అధిరోహించాడు. భూమి మధ్యభాగం ఉబ్బెత్తుగా ఉన్నందున, భూకేంద్రం నుండి అత్యంత దూరాన ఉన్న శిఖరం ఎవరెస్టు కాదు, చింబొరాజో. అందుకే నేటికీ పర్వతారోహకులు అక్కడికి తరలివెళుతున్నారు. ఆగిపోయిన చోటనుండే లోకానికి కొత్త చూపునిచ్చిన హంబోల్ట్ జీవితం జిజ్ఞాసువులకు ఆదర్శప్రాయం.