కేబుల్ కంపెనీ కుర్రాడు, మొదటి రెండు నిమిషాలు

మన ఈఈఈ వాళ్ళు కాస్త గర్వంగా చెప్పుకోదగ్గ సినిమా డైరెక్టర్ ఒకాయన ఉన్నాడు. పేరు అందరికీ తెలుసు, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఆయన మొదటి ఉద్యోగం మాత్రం చాలామందికి తెలీదు. లండన్‌లో హెన్లీ అనే కంపెనీ కరెంటు, టెలిగ్రాఫ్ కేబుళ్ళు తయారుచేసేది. పదిహేనేళ్ళ వయసులో అక్కడ చిన్న టెక్నికల్ గుమాస్తాగా చేరాడు. అంతకుముందు చదివింది పాప్లర్‌లోని ఇంజనీరింగ్, నావిగేషన్ స్కూల్లో.

పుట్టింది 1899 ఆగస్టు 13న, లండన్ తూర్పు వైపు లేటన్‌స్టోన్‌లో. నాన్నకి కూరగాయల కొట్టు. చిన్నప్పుడు ఏదో అల్లరి చేస్తే నాన్న చేతికి ఒక చీటీ ఇచ్చి పోలీస్ స్టేషన్‌కి పంపాడనీ, అక్కడ కాసేపు లాకప్‌లో పెట్టారనీ ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. 1914లో నాన్న పోయాడు. ఉద్యోగం తప్పనిసరి అయింది.

నాకు నచ్చిన సంగతి దీని తర్వాత వస్తుంది. ఆ కంపెనీ ఉద్యోగులు తమలో తాము ఒక పత్రిక నడుపుకునేవాళ్ళు, అచ్చం మన ఈ-మ్యాగజైన్ లాగే. 1919లో అందులో హిచ్‌కాక్ ఒక చిన్న కథ రాశాడు. పేరు గ్యాస్. పారిస్, రాత్రి, ఒంటరి ఆడమనిషి, వెంటపడే మగాళ్ళు. చదివేవాళ్ళ గొంతు తడారిపోయే సమయానికి తెలుస్తుంది, ఆమె పళ్ళ డాక్టర్ కుర్చీలో ఉందని. మత్తు గ్యాస్ పీల్చినప్పుడు వచ్చిన భ్రమ అదంతా. ఇరవై నిండని కుర్రాడికి రెండు విషయాలు అప్పటికే తెలుసన్నమాట. చీకటి, ఒంటరితనం, అడుగుల చప్పుడు అనగానే చదివేవాడు తనంతట తానే భయపడటానికి సిద్ధమైపోతాడని ఒకటి. ఆ సిద్ధపడటాన్నే వాడి మీదకి తిప్పికొట్టొచ్చని రెండోది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా ఫిల్మ్ క్లబ్ వాళ్ళం ఈసారి ఫెస్ట్‌కి ఒక హారర్ థ్రిల్లర్ ఓపెనింగ్ తీస్తున్నాం. మొత్తం సినిమా కాదు, మొదటి రెండు నిమిషాలే. మొదటి మీటింగ్‌లో బోర్డు మీద రాసుకున్న లిస్టు చూస్తే ఎవరైనా చెప్పేస్తారు ఏ జానరో: మిణుకుమనే ట్యూబ్‌లైటు, కిర్రుమనే తలుపు, సిగ్నల్ లేని ఫోన్, ఖాళీ కారిడార్, అద్దంలో ఎవరో, చివర్లో అమ్మాయి కేక. ఆ కేక పెట్టాల్సిన జూనియర్ అంతా విని ఒక్కటే అడిగింది. అన్నా, ప్రతిసారీ అమ్మాయే ఎందుకు అరవాలి అని. ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఈ సంప్రదాయాలు ఎక్కడ మొదలయ్యాయో వెతుక్కుంటూ వెళ్తే హిచ్‌కాక్ దగ్గర ఆగాను.

కేబుల్ కంపెనీలో ఉండగానే ఆయన సాయంత్రాలు బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. కంపెనీ ప్రకటనల విభాగానికి మారాడు. లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో ఒక అమెరికన్ కంపెనీ స్టూడియో పెడుతోందని తెలిసి, మూకీ సినిమాల మధ్యలో మాటలు రాసి చూపించే టైటిల్ కార్డులు సొంతంగా గీసుకుని పట్టుకెళ్ళాడు. పని దొరికింది. కార్డులు, సెట్లు, స్క్రిప్టు, అసిస్టెంట్ డైరెక్షన్, అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. 1924లో ఒక సినిమా పని మీద జర్మనీ వెళ్ళి, అక్కడ మూర్నో షూటింగ్ కళ్ళారా చూశాడు. రక్త పిశాచి కథ నోస్‌ఫెరాటు తీసిన మూర్నోయే. వెలుగునీడలతోనే కథ చెప్పొచ్చని ఆయన దగ్గర గ్రహించాడు.

ఆ పాఠమంతా 1927లో విడుదలైన ది లాడ్జర్‌లో కనిపిస్తుంది. మా టీమ్ దాని ఓపెనింగ్ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తెర నిండా ఒక అమ్మాయి మొహం, అరుస్తోంది. మూకీ సినిమా, కేక వినపడదు, అయినా చెవులు మూసుకోవాలనిపిస్తుంది. ఆమె తలని గాజు పలక మీద ఆనించి, బంగారు రంగు జుట్టు పరిచి, వెనక నుంచి లైటు కొట్టారు. జుట్టంతా మెరుస్తుంది. వెంటనే బంగారు ముంగురుల గురించి ఒక నాటకం లైట్ల బోర్డు వెలిగి ఆరుతుంది. హంతకుడు ఎలాంటి అమ్మాయిల్ని ఎంచుకుంటాడో ఒక్క మాట లేకుండా తెలిసిపోయింది.

ఇక్కడే మనలాంటి వాళ్ళం హంతకుడి నీడని చూపించేస్తాం. హిచ్‌కాక్ చూపించడు. వార్త ఎలా పాకుతుందో చూపిస్తాడు. శవం చుట్టూ జనం, గాబరాగా చెప్పే సాక్షి, ఫోన్ దగ్గర విలేకరి, టెలిప్రింటర్, అచ్చు యంత్రాలు, పేపర్లు మోసుకెళ్ళే వ్యాను. ఆ వ్యాను వెనక రెండు గుండ్రటి కిటికీల్లో మనుషుల తలలు అటూ ఇటూ ఊగుతుంటే, అది రెండు కళ్ళు తిప్పుతున్న మొహంలా ఉంటుంది. ఒక హత్య ఊరంతటి భయంగా మారడం మన కళ్ళముందే జరుగుతుంది. కేబుల్ కంపెనీలో పనిచేసినవాడికి కబురు ఎలా ప్రయాణిస్తుందో తెలియదా మరి!

అదే సినిమాలో పై గదిలో అద్దెకున్నవాడి అడుగుల చప్పుడు వినిపించాలి. సౌండ్ లేదు. గాజు నేల కట్టించి, కింద నుంచి కెమెరా పెట్టి, నడిచే కాళ్ళు చూపించాడు. సినిమా చూసి పంపిణీదారుడు పక్కన పడేశాడు. తర్వాత టైటిల్ కార్డులు బాగా తగ్గించి, కొన్ని షాట్లు మళ్ళీ తీసి విడుదల చేస్తే అదే ఆయన మొదటి పెద్ద హిట్ అయింది.

1929లో బ్లాక్‌మెయిల్. ఈసారి సౌండ్ వచ్చింది. హత్య చేసి వచ్చిన అమ్మాయి పొద్దున టిఫిన్ దగ్గర కూర్చుంటే పక్కింటావిడ కబుర్లు చెప్తూ ఉంటుంది. మాటలన్నీ గొణుగుడుగా కరిగిపోయి, కత్తి అన్న మాటొక్కటే స్పష్టంగా గుచ్చుకుంటూ వినిపిస్తుంది. మా సౌండ్ కుర్రాడు దీన్ని విని హెడ్‌ఫోన్స్ తీసి దండం పెట్టాడు.

1939లో అమెరికా వెళ్ళాడు. మరుసటి ఏడు విడుదలైన రెబెక్కాకి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. ఉత్తమ దర్శకుడిగా ఐదుసార్లు నామినేషన్ వచ్చినా ఒక్కసారీ బహుమతి రాలేదు. నోటోరియస్, రియర్ విండో, వెర్టిగో లాంటివి ఈ కాలంలోవే. వాటి గురించి రాస్తే ఈ సంచిక చాలదు.

సైకో దగ్గర మాత్రం ఆగాలి. 1960. అప్పటికి ఆయన అరవయ్యో పడిలో పడిన పెద్ద దర్శకుడు. ఇలాంటి కథ మీద డబ్బు పెట్టడానికి స్టూడియో వెనకాడింది. దాంతో ఖర్చు తానే భరించి, తన టీవీ సిరీస్ యూనిట్‌తో, నలుపు తెలుపులో, సుమారు 8 లక్షల డాలర్లలో తీసేశాడు. రక్తం చాక్లెట్ సిరప్. బడ్జెట్ లేదని ఏడ్చే స్టూడెంట్ టీములు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఓపెనింగ్ చూడండి. టైటిల్స్‌లో గీతలు పరిగెడతాయి, బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు తరుముతాయి. భయపడటానికి రెడీ అవుతాం. తర్వాత వచ్చేది పట్టపగలు ఫీనిక్స్ నగరం. తెర మీద వారం, తేదీ, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలని టైము. కెమెరా ఊరి మీదుగా జరిగి, ఒక కిటికీ సందులోంచి లోపలికి దూరుతుంది. దెయ్యం లేదు, చీకటి లేదు, లంచ్ టైములో కలుసుకున్న ప్రేమికులు. డబ్బు లేక పెళ్ళి కుదరని మామూలు బాధ. కాసేపటికి ఆమె ఆఫీసు డబ్బు 40,000 డాలర్లతో పారిపోతుంది. ఇది దొంగతనం కథ అనుకుని మనం సర్దుకుని కూర్చుంటాం. సగం సినిమా కూడా కాకముందే హీరోయిన్ స్నానాల గదిలో చచ్చిపోతుంది. హారర్ సినిమాని హారర్‌లా మొదలుపెట్టకపోవడమే అసలు దెబ్బ. సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వొద్దని థియేటర్లకి ఆయన ఎందుకు షరతు పెట్టాడో ఇప్పుడు అర్థమవుతుంది.

సినిమా విడుదలకి ముందు శవంగా పడి ఉన్న నటిలో చిన్న కదలిక కనిపెట్టింది ఆయన భార్య ఆల్మా రెవిల్ అంటారు. ఆమె ఆయనకంటే ఒక్కరోజు చిన్నది, ఆయనకన్నా ముందే సినిమాల్లో ఎడిటింగ్ చేసింది. 1979లో తనకి జరిగిన సన్మానంలో ఆయన నలుగురికి కృతజ్ఞతలు చెప్పాడు: ఒక ఎడిటర్, ఒక రచయిత్రి, తన కూతురి తల్లి, ఒక వంటమనిషి. నలుగురూ ఆల్మాయే.

ఇక జూనియర్ ప్రశ్న. ది లాడ్జర్ మొదటి షాట్ నుంచీ ఆయన సినిమాల్లో అరిచేది ఎక్కువగా అందమైన అమ్మాయే. అది తెర మీదే ఆగిపోయి ఉంటే జానర్ అలవాటు అనుకునేవాణ్ణి. 1963లో విడుదలైన ది బర్డ్స్ కోసం టిప్పీ హెడ్రెన్ మీదకి రోజుల తరబడి నిజమైన పక్షుల్ని విసిరారు. కంటి దగ్గర గాయమై, డాక్టర్ విశ్రాంతి తీసుకోమనేదాకా ఆగలేదు. ఆయన తనని లైంగికంగా వేధించాడని ఆమె 2016లో వచ్చిన తన ఆత్మకథలో రాసింది. ఆయన షాట్లు నేర్చుకుంటాను, ఆ సెట్ పద్ధతిని నేర్చుకోను. గొప్పవాడు కదా అని రెండింటినీ కలిపి మింగేయమంటే నాకు మింగుడు పడదు.

మా ఓపెనింగ్ మారింది. కేక తీసేశాం. మెషీన్స్ ల్యాబ్, పట్టపగలు, అటెండెన్స్. నంబర్లు పిలుస్తుంటారు, ఒక ఖాళీ బెంచీ నుంచి ప్రెజెంట్ సార్ అని వినిపిస్తుంది. ఎవరూ తలెత్తరు. రిజిస్టర్‌లో టిక్ పడుతుంది, తర్వాతి నంబర్ పిలుస్తారు. ఆ పిలిచే లెక్చరర్ పాత్ర మా జూనియర్‌దే, అడిగి మరీ తీసుకుంది.

హిచ్‌కాక్ ఆఖరి సినిమా 1976లో ఫ్యామిలీ ప్లాట్. తర్వాత ది షార్ట్ నైట్ అని ఒక గూఢచారి కథ మీద కూర్చున్నాడు. స్క్రిప్టు రాయించాడు. ఒంట్లో ఓపిక అయిపోయింది, ఆల్మా కూడా మంచం పట్టింది. ఆఫీసు మూసేశాడు. 1980 ఏప్రిల్ 29న లాస్ ఏంజెలెస్‌లోని ఇంట్లో పోయాడు. అస్థికలు పసిఫిక్ సముద్రంలో కలిపారు. ది షార్ట్ నైట్‌లో ఒక్క షాట్ కూడా తీయలేదు.