వ్యాధిగ్రస్తులకు ఊరు కట్టించిన వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్

నిజామాబాద్: సొంత ఇంటి నుండి, సొంత ఊరి నుండి వెలివేయబడిన కుష్ఠు వ్యాధిగ్రస్తులకు చికిత్సతో పాటు నివాసాన్ని కూడా సమకూర్చిన మహనీయురాలు డాక్టర్ ఇసబెల్ కెర్. నిజామాబాద్ పట్టణానికి సమీపంలో, సికింద్రాబాద్ వెళ్ళే రైలు మార్గంపై ఉన్న డిచ్‌పల్లిలో ఆమె నెలకొల్పిన విక్టోరియా ఆసుపత్రి వైద్యరంగ చరిత్రలోనే కాక, ప్రణాళికాబద్ధమైన నివాసాల చరిత్రలో కూడా పేర్కొనదగినది.

బాల్యం, విద్య

ఇసబెల్ 1875 మే 30న స్కాట్లాండ్ ఈశాన్య ప్రాంతంలోని ఒక రైతు కుటుంబంలో జన్మించారు. స్త్రీలు వైద్యవిద్యను అభ్యసించడం అరుదుగా ఉన్న ఆ రోజులలో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చేరి, 1903లో వైద్య పట్టా పొందారు. మెథడిస్టు మిషనుకు చెందిన జార్జి మెక్‌గ్లాషన్ కెర్‌ను వివాహమాడి, 1907లో భర్తతో కలిసి నాటి హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్ ఆమె కార్యక్షేత్రమైంది.

నాటి పరిస్థితులు

కుష్ఠు వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే శాస్త్రవేత్త హాన్సెన్ 1873లోనే కనుగొన్నప్పటికీ, సరైన మందు మాత్రం అప్పటికి లేదు. వ్యాధి సోకిన వారిని కుటుంబం దూరంగా ఉంచేది. ఊరు పొలిమేరల్లో, సత్రాల వద్ద, రైలు స్టేషన్ల వద్ద భిక్షాటన చేసుకొని బ్రతకడమే అనేకులకు మిగిలిన దారి. బ్రిటిష్ ఇండియాలో 1898లో వచ్చిన చట్టం సైతం వారిని సమాజం నుండి వేరుచేయడానికే ప్రాధాన్యమిచ్చింది. చికిత్స కోసం వచ్చిన వ్యక్తికి మందు ఇచ్చి పంపితే, అతడు వెళ్ళడానికి ఇల్లు లేదన్న వాస్తవాన్ని డాక్టర్ కెర్ గుర్తించారు.

డిచ్‌పల్లిలో నివాస కేంద్రం

1911లో నిజామాబాద్‌లో చిన్న స్థాయిలో ఈ వ్యాధిగ్రస్తుల కోసం ఆశ్రయం ప్రారంభమైంది. వచ్చేవారి సంఖ్య పెరగడంతో అది చాలలేదు. ఈ సేవను గమనించిన స్థానిక దాత రాజా నర్సాగౌడ్ ఉదారంగా విరాళమిచ్చారు. పరదేశం నుండి వచ్చిన క్రైస్తవ వైద్యురాలి ప్రయత్నానికి ఒక హిందూ దాత అండగా నిలవడం ఈ ప్రాంతపు సామరస్యానికి నిదర్శనం. ఫలితంగా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి రూపుదిద్దుకొంది.

సాధారణ ఆసుపత్రిలో రోగి కొద్ది రోజులుండి వెళ్ళిపోతాడు. కుష్ఠు చికిత్స నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి సాగేది. కనుక వరుస మంచాల వార్డు కంటే నివాసయోగ్యమైన ఇళ్ళే ఇక్కడ అవసరమయ్యాయి. విశాలమైన ఆవరణలో గాలి, వెలుతురు ధారాళంగా వచ్చే ఒకే అంతస్తు ఇళ్ళు, వాటికి అందుబాటులో చికిత్సాలయం, శక్తి ఉన్నవారు పని చేసుకొనేందుకు సాగుభూమి, చేతిపనుల వసతి వెలిశాయి. పుండ్లు పడిన పాదాలతో నడిచేవారికి మెట్లు లేని ఇల్లు, దగ్గరలో వైద్యం ఎంతటి ఊరటనిస్తాయో చెప్పనక్కరలేదు. పని చేసి తినగలగడం వారికి పోయిన గౌరవాన్ని తిరిగి తెచ్చింది.

చికిత్సలో కొత్త మార్గం

కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ వంటి వైద్యులు హిడ్నోకార్పస్ నూనెతో చేసిన మందులను సూది ద్వారా ఇచ్చే విధానాన్ని అభివృద్ధి చేయగా, డాక్టర్ కెర్ దానిని డిచ్‌పల్లిలో అమలుచేశారు. సూదులు బాధాకరమైనవి, చికిత్స దీర్ఘమైనది. అయినా, వ్యాధి తొలిదశలో వచ్చిన వారికి మేలు జరుగుతున్నదన్న వార్త వ్యాపించి, దూరప్రాంతాల నుండి రోగులు రాసాగారు. ఆమె సేవలకు గుర్తింపుగా 1923లో కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. డిచ్‌పల్లిలో పనిచేసిన మరో వైద్యుడు జాన్ లోవ్, అనంతర కాలంలో నైజీరియాలోని ఉజువాకోలిలో డాప్సోన్ మాత్రల వాడకానికి బాట వేసినవారిలో ఒకరుగా ప్రసిద్ధి చెందారు. ఆ మాత్రలు విస్తృతంగా రాకముందే, 1932లో డాక్టర్ కెర్ తాను నిర్మించిన డిచ్‌పల్లిలోనే కన్నుమూశారు.

అనంతర పరిణామాలు

1940వ దశకం నుండి డాప్సోన్, 1980వ దశకం నుండి బహుళ ఔషధ చికిత్స వచ్చిన తరువాత రోగిని వేరుచేసి ఉంచవలసిన అవసరం తొలగిపోయింది. జాతీయ స్థాయిలో ప్రతి పదివేల మందికి ఒకటి కంటే తక్కువ కేసులన్న లక్ష్యాన్ని భారతదేశం 2005 డిసెంబరులో సాధించింది. 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో తొలగించారు. అయితే వ్యాధి నయమైనా ఇంటికి తిరిగి వెళ్ళలేక కాలనీలలోనే తరాలుగా ఉండిపోయిన కుటుంబాలు దేశంలో అనేకం. తామున్న స్థలంపై హక్కు పత్రాలు లేకపోవడం వారిలో చాలామంది సమస్య.

నేటికీ అనుసరణీయం

ఇదే జిల్లాలో మరో ప్రణాళికాబద్ధ నివాసం బోధన్‌లోని శక్కర్‌నగర్. 1923-31 మధ్య మంజీరపై నిజాంసాగర్ నిర్మాణంతో చెరకు సాగు విస్తరించగా, 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. ఉద్యోగులకు, కార్మికులకు దాని చెంతనే క్వార్టర్లు వచ్చాయి. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడడంతో జీతంతో ముడిపడిన ఇంటి భద్రత ఎంతటిదో తేటతెల్లమైంది. ఒకచోట వ్యాధి నయమైనా ఇల్లు దాటి వెళ్ళలేని స్థితి, మరొకచోట పని పోతే ఇల్లే నిలవని స్థితి.

తక్కువ ఎత్తు, మితమైన జనసాంద్రత గల గృహ సముదాయాలను రూపొందించే ఇంజనీర్లకు, గృహనిర్మాణ అధికారులకు ఈ రెండు అనుభవాలు మార్గదర్శకాలు. గాలి, వెలుతురు గల నేలబారు ఇళ్ళు, నడక దూరంలో వైద్యం, చేరువలో జీవనోపాధి అనే సూత్రాలు వందేళ్ళ క్రితమే డిచ్‌పల్లిలో ఆచరణకు వచ్చాయి. వాటికి నివాసి పేరిట హక్కు, సమాజంలో కలిసి ఉండే స్వేచ్ఛ జోడించినప్పుడే డాక్టర్ ఇసబెల్ కెర్ ప్రారంభించిన కృషి సంపూర్ణమవుతుంది.