కార్మికుల మనిషి వి.వి. గిరి

వరాహగిరి వెంకటగిరి అనగానే మనకు రాష్ట్రపతి గుర్తొస్తారు. కాని ఆయన బతుకంతా కార్మికులతోనే గడిచింది.

1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి 1916లో తిరిగొచ్చారు. మన పొందూరు, చీపురుపల్లి మీదుగా సాగిన బెంగాల్-నాగపూర్ రైల్వేలో కార్మికులకు నాయకుడయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. పరిశ్రమల్లో పనిచేసేవాళ్ళకి జబ్బుచేస్తే ఆదుకునే బీమా ఒప్పందం ఆ సభలోనే ఆమోదం పొందింది.

1937 ఎన్నికల్లో మన పొరుగునున్న బొబ్బిలిలో రాజావారినే ఓడించి, మద్రాసు ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఇ.ఎస్.ఐ. పథకం కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైంది కూడా ఆ ఏడే. పనిలో దెబ్బ తగిలినా, మామూలు జబ్బు చేసినా ఆదుకునేది ఒకే పథకం. చందా యజమానీ కట్టాలి, కార్మికుడూ కట్టాలి.

కోర్టు తీర్పుల కంటే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని గిరిగారి నమ్మకం. బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన జీతాల తీర్పును ప్రభుత్వం తగ్గిస్తే, 1954లో మంత్రి పదవినే వదులుకున్నారు. 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉండి, 1980 జూన్‌లో కన్నుమూశారు.

ఎద్దు మెడ పుండుపడితే రైతు కాడి సరిచేసి ఊరుకోడు. మందు రాస్తాడు, మేత చూస్తాడు, రెండ్రోజులు పని మాన్పిస్తాడు. జూట్‌మిల్లులో మిషనుకి కంచె వేస్తే చెయ్యి దక్కుతుంది. మరి నారదుమ్ము పీల్చే ఊపిరితిత్తుల సంగతి? రేపు మనలో కొందరు సూపర్‌వైజర్లు, మేనేజర్లు అవుతారు. ఆ మాట కార్మికుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, అదే గిరిగారి దారి.