మార్లవాయి బడి పెట్టించిన హైమన్‌డార్ఫ్

మన హాస్టల్ తమ్ముళ్లకు కొమరం భీం గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. భీం చనిపోయిన తరువాత ఆ గూడేల్లో ఏం జరిగిందని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఆ తరువాతి కథలోని ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన మన దేశం వారు కాదు. పేరు పలకడమూ కష్టమే. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రం చదువుకున్నారు. 1936లో నాగా కొండలకు వచ్చి కోన్యాక్ నాగాల మధ్య నెలల తరబడి ఉన్నారు, వాళ్ల భాష నేర్చుకున్నారు. 1938లో ఇంగ్లండుకు చెందిన బెట్టీని పెళ్లి చేసుకున్నారు. 1939లో మళ్లీ ఇండియా వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వారి లెక్కలో శత్రుదేశస్థుడు. దాంతో నిజాం రాజ్యంలోనే ఉండిపోవలసి వచ్చింది. ఆయనకు అది నిర్బంధమే కానీ, మన ఆదివాసులకు మేలే జరిగింది.

1940లో చెంచుల దగ్గర గడిపి, 1941లో మన గోదావరి ఒడ్డుకు వచ్చారు. ఈ సంగతి మన జిల్లా వాళ్లకే తెలియదు. అందరూ ఆయన్ను ఆదిలాబాద్ మనిషి అనుకుంటారు. లాంచీ ఎక్కి పాపికొండలు చూడబోతూ దాటే పేరంటపల్లి వైపు కొండల్లో, అప్పటి పాల్వంచ అడవుల్లో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో వారి మీద ఒక పెద్ద పుస్తకం అచ్చువేశారు. కలప, వెదురు కాంట్రాక్టర్ల కింద వాళ్లు అప్పుల్లో ఇరుక్కుని వెట్టి చేయడం కళ్లారా చూసి రాశారు.

అప్పట్లో నదికి రెండు వైపులా రెండు రాజ్యాలు. భద్రాచలం తాలూకా మద్రాసు ప్రభుత్వం కింద, పాల్వంచ నిజాం కింద ఉండేవి. అటు పై ఆఫీసుల్లో ఇంగ్లీషు, ఇటు కచేరీల్లో ఉర్దూ. మధ్యలో గోదావరికి రెండు పక్కలా కోయ మాట్లాడే గూడేలు. భద్రాచలం వైపు గిరిజనుల భూమి ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనేతరులకు పోకూడదని 1917లోనే చట్టం వచ్చింది. ఇటువైపు అదీ లేదు. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే. అయినా వాళ్ల గోడూ ఎవరికీ వినబడలేదు. మాట తెలుగైతే ఏం, కాగితం ఉర్దూలో ఉండేది, దాని కింద పడేది వేలిముద్ర. ఏం రాసుందో తెలియకుండా వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న కథ మన తాతల కాలానిదే అనుకోకండి. అలాంటి కాగితాలు ఇంట్లో ఉన్న తమ్ముళ్లు ఈ హాస్టల్లో ఇప్పుడూ ఉంటారు.

1940లో జోడేఘాట్‌లో పోలీసుల కాల్పులకు భీం, ఆయన సహచరులు నేలకొరిగారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో నిజాం ప్రభుత్వం తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ పని హైమన్‌డార్ఫ్ మీద పడింది. మార్లవాయిలో గుడిసె వేసుకుని బెట్టీతో కలిసి ఉన్నారు, గోండీ నేర్చుకున్నారు. ఆయన రాసిన రిపోర్టుల సారం ఇదీ. అడవిని రిజర్వు చేసి గూడేలను ఖాళీ చేయించారు, తరతరాలుగా దున్నిన భూమికి పట్టా లేదు, పట్టా ఎలా అడగాలో వీళ్లకు తెలియదు, పట్వారీ భాష వీళ్లకు రాదు, వీళ్ల భాష పట్వారీకి రాదు.

1943లో మార్లవాయిలో గోండీ బడి మొదలైంది. పైనుంచి పంతుళ్లను పంపితే పని జరగదని ఆయనకు తెలుసు. నాలుగక్షరాలు వచ్చిన గోండు యువకులను వెతికి, వాళ్లకే శిక్షణ ఇప్పించి పంతుళ్లను చేశారు. గోండీకి దేవనాగరి లిపి వాడి వాచకాలు తయారు చేశారు. పిల్లలు ముందు తమ మాటలో చదవడం నేర్చుకుని, ఆ తరువాతే కచేరీ భాషకు వెళ్లేవారు. చదివిన వాళ్లలో కొందరు పంతుళ్లే కాక ప్రభుత్వంలో చిన్న ఉద్యోగులూ అయ్యారు. గోండు తన దరఖాస్తును తనే రాసుకునే రోజు అలా వచ్చింది. ఈ పనిలో సేతుమాధవరావు పగ్డీ అనే అధికారి సాయం చాలా ఉంది. గోండీ నేర్చుకున్న అధికారి ఆయన.

భూమి పట్టాలూ అప్పుడే మొదలయ్యాయి. 1940ల చివరికి ఆదిలాబాద్‌లో లక్ష ఎకరాలకు పైగా గిరిజనులకు దక్కింది. 1356 ఫసలీ, అంటే 1946లో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది. దాని ప్రకారం గూడెం తగాదాలు గిరిజన పంచాయతీలలో, తమ భాషలో, తమ పెద్దల ముందు తేల్చుకునే వీలు కలిగింది. కోర్టు మెట్ల దగ్గర దుబాసీని బతిమాలే అవసరం కొంత తప్పింది. ఆయన్ను కొందరు దేవుడంటారు. అంత అనక్కర్లేదని నా అభిప్రాయం. ఆయన నిజాం కొలువులో సలహాదారు. జోడేఘాట్‌లో నెత్తురు పారకపోతే ఆయన రిపోర్టు ఎవరు చదివేవారు?

తరువాత ఆయన లండన్ వెళ్లి 1951 నుంచి 1976 దాకా ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1970లలో తిరిగి వచ్చి చూస్తే గోండీ చదువు వెనకపడింది. బయటి నుంచి వచ్చినవాళ్లు భూములు ఆక్రమించారు. ఆ బాధంతా 1982లో వచ్చిన పుస్తకంలో దాచుకోకుండా రాశారు. 1970 నాటి 1/70 రెగ్యులేషన్ కాగితం మీద గట్టిదే. అయినా కేసులు నడిచే భాష గూడేనికి దూరంగానే ఉండిపోయింది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్య అన్నది 1956లో. మన రాష్ట్రంలో కోయ, గోండీ వాచకాలు పిల్లల చేతికి వచ్చింది 2004 ప్రాంతంలో. ఎనిమిదో షెడ్యూలులో ఈ రెండు భాషలకూ ఇప్పటికీ చోటు లేదు.

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోతే, గోండులు మార్లవాయిలో తమ పద్ధతిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. 2012లో కొడుకు నికోలస్ అస్థికలు తెచ్చి తల్లి పక్కనే ఉంచారు. ప్రతి జనవరిలోనూ అక్కడ వర్ధంతి జరుగుతుంది. కాగజ్‌నగర్ వైపు వెళ్లే తమ్ముళ్లు జైనూరు దాకా పోయి చూసి రండి.