పట్టభద్రుడు కాని ఆచార్యుడు

మన విశ్వవిద్యాలయాలలో కావ్యాన్ని గురించి చెప్పుతారు గాని కావ్యం వ్రాయడం నేర్పరు. కాళిదాసును చదివి ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్నవారు వేలమంది ఉన్నారు. ఆ చదువువల్ల శ్లోకం చెప్పగలిగినవారు అరుదు. అందుకు ఎవ్వరూ చింతించడం లేదు. చిత్రకళ విషయంలో మాత్రం ఇట్లా సరిపెట్టుకోవడానికి వీలులేదు. చిత్రలేఖనంలో పట్టా పొందినవాడు చిత్రం వ్రాయగలిగి ఉండవలె గదా! మరి చేతి నేర్పునూ, కంటి చూపునూ, మనస్సులోని ఊహనూ ఏ పాఠ్యప్రణాళికలో ఇమిడ్చడం? ఏ పరీక్షతో కొలవడం? ఈ ప్రశ్నతో ముప్పది సంవత్సరాలపాటు కాపురం చేసిన కళాచార్యుడు నందలాల్ బోస్. ఆయన స్వయంగా కళాశాల పరీక్షలలో ఒకటికి రెండుమార్లు తప్పినవాడు.

నందలాల్ 1882 డిసెంబరు 3వ తేదీన బీహారులోని ముంగేరు జిల్లా ఖరగ్‌పూరులో జన్మించారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణి బొమ్మలు చేయడంలోనూ చేతి అల్లికలలోనూ నేర్పరి. కుమారునికి ఊహ తెలిసీ తెలియని వయస్సులోనే ఆమె గతించినది. ఆ ఊరిలో కుమ్మరులు ఉండేవారు, పండుగలకు దేవతామూర్తులను మట్టితో మలచేవారు ఉండేవారు. పసివాడు వారి ముంగిళ్ళలో కూర్చుండి చూచేవాడు. ఇంటికి వచ్చి తానూ మట్టి పిసికేవాడు. ఆయన మొదటి కళాశాల అదే అనుకోవచ్చును.

పదిహేను పదహారేండ్ల వయస్సులో కలకత్తాకు చదువుకోసం పంపించారు. 1902లో ప్రవేశ పరీక్ష గట్టెక్కినది. తరువాత ఎఫ్.ఏ. తరగతిలో చేరి తప్పారు. వేరొక కళాశాలలో చేరి మళ్ళీ తప్పారు. 1903లో సుధీరాదేవితో వివాహం జరిగినది. వాణిజ్యశాస్త్రమైనా అబ్బుతుందేమోనని ప్రెసిడెన్సీ కళాశాలలో చేర్పించారు. అదీ అబ్బలేదు. పుస్తకాల పైకం పత్రికలకూ అచ్చు చిత్రాలకూ ఖర్చయిపోయేది. రవివర్మ చిత్రాలను చూచి మురియడం, పాశ్చాత్య చిత్రాలకు నకళ్ళు తీయడం, ఇదే అసలు చదువు. ఇటువంటి పిల్లవానిని చూచి ఏ తండ్రి అయినా, ఏ మామ అయినా దిగులుపడవలసినదే.

ఆ రోజులలో కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు హావెల్ దొర అధ్యక్షుడు. పాశ్చాత్య చిత్రాల నకళ్ళను తొలగించి మొగలు చిత్రాలను గోడలకెక్కించి, విద్యార్థుల చేతనూ పత్రికల చేతనూ మాటలు పడినవాడు. మన కళ గొప్పదని ఒక ఆంగ్లేయుడు చెప్పితే కాదని మనవారు అలగడం ఆ కాలపు విచిత్రాలలో ఒకటి. అక్కడ ఆయనకు తోడైనవారు రవీంద్రుల అన్నకుమారుడు అవనీంద్రనాథ ఠాకూరు. 1905లో నందలాల్ తన చిత్రాలను చుట్టచుట్టుకొని వారియెదుట నిలిచారు. అందులో పాశ్చాత్య చిత్రాల నకళ్ళు ఉన్నవి. వాటితోపాటు సొంతంగా వ్రాసిన మహాశ్వేత ఉన్నది. బాణుని కాదంబరిలోని ఆ తపస్విని హావెల్ దృష్టి నాకట్టుకొన్నది. నకళ్ళవల్ల కాక సొంత చిత్రంవల్ల దొరికిన ఆ ప్రవేశాన్ని నందలాల్ తరువాత తన శిష్యుల విషయంలో మరచిపోలేదు.

అవనీంద్రుని దగ్గర అయిదేండ్లు గడచినవి. ఆ గురుశిష్య సంబంధాన్ని తెలిపే ఉదంతం ఒకటి వంగదేశంలో సుప్రసిద్ధం. నందలాల్ ఉమాదేవి తపస్సును చిత్రించారు. కుమారసంభవం చదివినవారికి ఆ ఘట్టం తెలిసినదే. కావి ఛాయలు తప్ప ఆ చిత్రంలో రంగన్నది లేదు. గురువుకు అది వెలితిగా తోచినది. కొంచెం రంగు చేర్చరాదా, ఒంటిమీద ఏదో ఒక అలంకారమైనా ఉంచరాదా అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తపస్సు చేసే ఉమకు అలంకారమెందుకు? శిష్యుడు చూచినదాన్ని తాను చూడలేకపోయినానని తోచినది. తెల్లవారీ తెల్లవారకముందే పరుగున శిష్యుని దగ్గరకు వెళ్ళారు. నందలాల్ గురువాజ్ఞ ప్రకారం దిద్దడానికి కుంచె పట్టుకొని చిత్రం ముందు కూర్చుండి ఉన్నారు. అవనీంద్రులు ఆయనను వారించారు. చిత్రం బ్రతికినది.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు ఈ కథను రెండువైపుల నుంచీ ఆలోచించవలె. గురువు చెప్పినాడు గనుక దిద్దబూనడం శిష్యుని వినయం. అయితే ఆ వినయమే చిత్రాన్ని పాడుచేసేది. కాపాడినది గురువుగారికి నిద్రపట్టకపోవడం. ప్రతి గురువుకూ ప్రతి రాత్రీ అట్లా నిద్ర చెడదు. అందుచేత శిష్యుని చిత్రంమీద తన అభిరుచిని రుద్దని బోధనా పద్ధతి ఒకటి కావలసి ఉన్నది. నందలాల్ తరువాతి జీవితమంతా ఆ పద్ధతికోసం వెదకడమే.

1908లో ప్రాచ్యకళా సంఘపు ప్రదర్శనంలో శివుడూ సతీ ఉన్న చిత్రానికి నందలాల్‌కు అయిదువందల రూపాయల బహుమానం వచ్చినది. ఆ సొమ్ముతో ఆయన దేశాటనం చేశారు. 1909 చివర హెరింగ్‌హాం అనే ఆంగ్ల మహిళ అజంతా చిత్రాలకు ప్రతులు వ్రాయించబూనగా సోదరి నివేదిత ప్రోద్బలంతో నందలాల్ కూడా వెళ్ళారు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలోనిది. ఆ పనిలో వంగీయులతోపాటు హైదరాబాదు చిత్రకారులైన సయ్యద్ అహమ్మద్, ఫజలుద్దీన్‌గారలు కూడా పాల్గొన్నారు. చేతి వెడల్పు కాగితంమీద చిత్రాలు వ్రాసుకొనే యువకులకు అక్కడి గోడలు కన్ను తెరిపించినవి. చిత్రకళ భాగ్యవంతుల గదులలో వ్రేలాడే వస్తువు మాత్రమే కాదని, పదిమంది కూడేచోట గోడకు ప్రాణం పోసేదని నందలాల్‌కు అక్కడ అర్థమైనది.

చదువు ముగియగానే ప్రభుత్వ కళాశాలలో ఉద్యోగం ఎదురువచ్చినా ఆయన ఒప్పుకోక గురువుగారి ఇంటిలోనే పనిచేశారు. 1919లో రవీంద్రుడు శాంతినికేతనంలో కళాభవనం ఆరంభించి నందలాల్‌ను పిలిచారు. అవనీంద్రుడు కలకత్తాలో ప్రాచ్యకళా సంఘపు పాఠశాలకు ఆయన కావాలన్నారు. పినతండ్రికీ అన్నకుమారునికీ మధ్య ఈ వినయశీలి కొంతకాలం నలిగిపోయారు. చివరకు శాంతినికేతనమే గెలిచినది. 1921 డిసెంబరులో విశ్వభారతి లాంఛనంగా వెలసినది. 1922లో నందలాల్ కళాభవనానికి అధ్యక్షులైనారు.

అక్కడి పద్ధతి ఆనాటి ప్రభుత్వ కళాశాలలకు పూర్తిగా భిన్నం. ప్రభుత్వ కళాశాలలలో మొదటి యేడు గీతలు, రెండవ యేడు నీడలు, మూడవ యేడు ప్లాస్టరు బొమ్మలకు నకళ్ళు, ప్రతి మెట్టునా పరీక్ష. కళాభవనంలో ఎవరి పీట వారిదే, ఎవరి పని వారిదే. ఆచార్యులు కూడా ఆ పనిశాలలోనే కూర్చుండి తమ చిత్రం తాము వ్రాసుకొనేవారు. చూచి నేర్చుకొనేవారికి ఆ దృశ్యమే పాఠం. విద్యార్థి కాగితంమీద దిద్దడం కంటె పక్కన వేరే చీటీమీద నాలుగు గీతలు గీసి చూపడం ఆయనకు ఇష్టం. ఉదయమే చెట్లలోకి, సంతాలుల పల్లెలలోకి వెళ్ళి చూచినదాన్ని గీసుకొని రావలె. జపాను పండితుడు ఒకకురా చెప్పిన మూడు మాటలు నందలాల్‌కు జీవితాంతం మూలసూత్రాలు. అవి సంప్రదాయం, ప్రకృతి, స్వీయత. వీటిలో ఏ ఒక్కటి కొరవడినా కళ కుంటుపడుతుందని ఆయన నమ్మకం.

స్వేచ్ఛ అంటే శ్రమ లేకపోవడం అని భ్రమపడరాదు. స్టెల్లా క్రాంరిష్ విదుషీమణి అక్కడ కళాచరిత్రం బోధించినది. ఫ్రెంచి చిత్రకారిణి ఆంద్రె కార్పెలెస్ కొయ్య అచ్చుల పని చూపినది. 1927లో జయపురంనుంచి నరసింగలాల్ అనే మేస్త్రీని రప్పించి, తడి గచ్చుమీద చిత్రించే పద్ధతిని శిష్యులతోపాటు ఆచార్యుడూ నేర్చుకొన్నారు. ఒక విశ్వవిద్యాలయంలో తాపీపని చేసే మేస్త్రీకి గురుస్థానం ఇచ్చిన ఘటన ఇది. ముగ్గుకు కూడా అక్కడ పాఠ్యాంశపు హోదా దొరికినది. వంగదేశంలో అల్పన అనే ఆ విద్యను నందలాల్ కుమార్తె గౌరి నేర్పించేది. 1930 ప్రాంతాలలో రవీంద్రుడు పిల్లలకోసం వ్రాసిన సహజపాఠం అనే వాచకానికి నందలాల్ బొమ్మలు చెక్కి ఇచ్చారు. ఆ యేడే దండికి నడిచివెళ్ళే గాంధీమహాత్ముని రూపాన్ని నలుపు తెలుపులలో లైనోలియంమీద చెక్కారు. పసిపిల్లల వాచకమూ, జాతి నడకా రెండూ ఆయన ఉలికి సమానమే.

పద్ధతి మంచిదా కాదా అన్నది శిష్యులను చూచి తేల్చవలె. వినోదబిహారి ముఖర్జీకి పుట్టుకతోనే చూపు తక్కువ. ఒక కన్ను కానరాదు, రెండవది అంతంతమాత్రం. ఇతనికి చిత్రకళ ఏమి చెప్పేదని మొదట నందలాలే సందేహించారు. పిల్లవానికి ఆసక్తి ఉంటే కూర్చుండనీయవలసినదని రవీంద్రుడు తీర్పు చెప్పినారట. ఆ పిల్లవాడే 1947 నాటికి హిందీభవనం గోడలమీద మధ్యయుగ భక్తుల జీవితాలను చిత్రించి, మన దేశపు కుడ్యచిత్రాలలో ఉత్తమమైన దానిని సృష్టించినాడు. ప్రవేశపరీక్షలో కంటి వైద్యుని యోగ్యతాపత్రం అడిగే సంస్థలో ఆయనకు చోటు దొరికేది కాదు.

రామకింకర్ బైజ్ కథ వేరు. 1925లో బాంకురానుంచి వచ్చిన ఈ పేద యువకునికి గురువు ఇష్టపడని తైలవర్ణాలమీద మోజు. సిమెంటూ కంకరా కలిపి, 1938లో సంతాల్ కుటుంబాన్ని ఆరుబయట నిలువెత్తుకు మించిన శిల్పంగా మలచినాడు. నందలాల్ తాను నడవని దారిలో శిష్యుడు నడుస్తూంటే చూచి ఊరుకొన్నారు. ఊరుకొనడమే కాక తన కళాభవనంలోనే అతనిని ఉపాధ్యాయునిగా ఉంచుకొన్నారు. ఉమా తపస్సు నాటి అనుభవం ఇక్కడ ఫలించినదని చెప్పవచ్చును. అందరూ రామకింకరులు కాలేదన్నది కూడా నిజం. గురువు గీతనే జీవితాంతం గీసుకొంటూ ఉండిపోయినవారు కూడా ఆ భవనంనుంచి వచ్చారు. పరీక్షలేని చోట స్వతంత్రుడు పెరుగుతాడు, అనుకర్త దాగికొంటాడు. 1940లో చేరిన సత్యజిత్ రాయ్ అయిదేండ్ల చదువు పూర్తిచేయకుండానే 1942లో వెళ్ళిపోయినాడు. చూపు పూర్తిగా కోల్పోయిన వినోదబిహారిని గురించి 1972లో ఆయన ఒక చలనచిత్రం తీశాడు.

1938లో గుజరాతులోని హరిపురాలో కాంగ్రెసు మహాసభ జరిగినది. గాంధీజీ కోరికపై నందలాల్ శిష్యులతో కలిసి సుమారు నాలుగువందల చిత్రఫలకాలు తయారుచేశారు. చేతి కాగితం, మట్టి రంగులు, గట్టి కుంచెలు. గిత్తను అదలించే రైతు, దంచే ఆడది, డోలు వాయించేవాడు, వడ్రంగి. సభకు వచ్చిన పల్లెప్రజలు తమ్మును తాము చూచుకొన్నారు. అజంతా గోడల దగ్గర మొలకెత్తిన ఆలోచన ఇక్కడ పంటకు వచ్చినది. స్వతంత్రం వచ్చిన తరువాత రాజ్యాంగపు మూలప్రతిని చిత్రాలతో అలంకరించే బాధ్యత కూడా ఈ గురుశిష్యులదే అయినది. ఆ ప్రతిమీద రాజ్యాంగసభ సభ్యులు 1950 జనవరి 24న సంతకాలు చేశారు.

తెలుగునేలకు ఈ కళాభవనపు గాలి ఒకటి రెండు దారులలో వీచినది. అవనీంద్రుని శిష్యుడైన ప్రమోదకుమార చట్టోపాధ్యాయులు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ బోధించగా, అడివి బాపిరాజు వంటివారు ఆయన దగ్గర నేర్చుకొన్నారు. హైదరాబాదునుంచి కొండపల్లి శేషగిరిరావు నేరుగా శాంతినికేతనానికి వెళ్ళి నందలాల్ సన్నిధిలో శిక్షణ పొందారు.

1951లో పార్లమెంటు చట్టంద్వారా విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైనది. నందలాల్ పదవీ విరమణ చేసినదీ ఆ సంవత్సరమే. ఇక పట్టాలూ, శ్రేణులూ, నియమావళులూ తప్పలేదు. అదే కాలంలో బరోడా విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం వెలసి, చిత్రశిల్పాలలో బి.ఏ., ఎం.ఏ. పట్టాలిచ్చే ఏర్పాటు జరిగినది. అందులో కుదురుకొన్న ఆచార్యులలో శంఖో చౌధురి, కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారలు కళాభవనపు విద్యార్థులే. మెదకు సీమకు చెందిన లక్ష్మాగౌడ్ 1963లో బరోడా వెళ్ళి సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివి, ఆ తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు బోధించారు. నేడు కళాభవనంలో కూడా స్నాతకోత్తర పట్టా ఉన్నది. విద్యార్థి తన చిత్రాలను గోడకు తగిలించి పరీక్షకుల ముందు నిలబడుతున్నాడు. అతనికి మార్కులు వేయడం తప్పనిసరి. ఏ మార్కు దేనికి వేయవలెనో తెలియక పరీక్షకులు తలపట్టుకోవడం కూడా తప్పడం లేదు.

విశ్వభారతి 1952లో నందలాల్‌కు దేశికోత్తమ బిరుదమిచ్చినది. 1954లో పద్మవిభూషణ్ వచ్చినది. పట్టా పరీక్ష తప్పినవానికి విశ్వవిద్యాలయమే పైబడి గౌరవం చేసినది. ఆయన మాత్రం శాంతినికేతనం విడిచి ఎక్కడికీ వెళ్ళలేదు. 1966 ఏప్రిల్ 16న కన్నుమూశారు. వార్ధక్యంలో పెద్ద చిత్రాలకు ఓపిక తగ్గగా నల్లసిరాతో చిన్న చిన్న చీటీలమీద చెట్లనూ, కొండలనూ, మేకలనూ గీస్తూ ఉండేవారు. శిష్యులకు ఉత్తరం వ్రాయవలసివస్తే, తపాలా కార్డుమీద బొమ్మ వేసి పంపేవారు.