రాజా దీన్ దయాళ్

రాజా లాలా దీన్ దయాళ్ (1844 - 1905) ప్రముఖ భారతీయ ఛాయాచిత్రకారుడు. ఉత్తర భారతదేశంలో జన్మించి, అనేక సంస్థానాలలో పర్యటించి, హైదరాబాదు రాజ్యంలో స్థిరపడ్డాడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పనిచేశాడు. పందొమ్మిదవ శతాబ్దం చివరినాటి హైదరాబాదు రూపురేఖలు నేటి తరానికి తెలియడానికి ఇతడు తీసిన చిత్రాలు ముఖ్యమైన ఆధారాలు.

తొలి జీవితం

దీన్ దయాళ్ మీరట్ సమీపంలోని సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరు ప్రజాపనుల శాఖలో ఉద్యోగిగా చేరాడు. 1874 ప్రాంతంలో ఛాయాచిత్రకళ వైపు మొగ్గాడు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఇతడిని ప్రోత్సహించాడు.

పర్యటనలు

ఆ కాలపు తడిపలక పద్ధతిలో గాజుపలకపై రసాయనం పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగవలసి ఉండేది. అందువలన పర్యటన అంటే బరువైన పెట్టెలతో, పగిలిపోయే పలకలతో ప్రయాణమే. 1880 దశకంలో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్‌లో పర్యటించి ప్రాచీన కట్టడాలను చిత్రించాడు. ఈ చిత్రాలతో 1886లో "ఫేమస్ మాన్యుమెంట్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా" అనే గ్రంథం వెలువడింది. 1885లో వైస్రాయి లార్డ్ డఫ్రిన్ ఛాయాచిత్రకారుడిగా నియమితుడయ్యాడు.

హైదరాబాదులో

1886లో సికింద్రాబాదులో స్టూడియో ప్రారంభించాడు. నిజాము ఇతడికి రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ అనే బిరుదులిచ్చాడు. ఫలక్‌నుమా భవనాన్ని, దర్బారులను, సైనిక విన్యాసాలను, వేటలను చిత్రించాడు. రాజ్యానికి వచ్చిన అతిథులను కూడా చిత్రించాడు. వారిలో 1893లో వచ్చిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఒకరు. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో నెలకొల్పాడు.

జనానా స్టూడియో

పరదా పాటించే స్త్రీలు పరపురుషుని ఎదుటకు రాకూడదు కనుక వారి చిత్రాలు తీయడం సాధ్యపడేది కాదు. ఈ ఆటంకాన్ని తొలగించడానికి దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకంగా జనానా స్టూడియో ప్రారంభించాడు. చుట్టూ ఎత్తైన గోడలుండేవి. పురుషులకు ప్రవేశం లేదు. శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ దీనిని నిర్వహించింది. ఆ గోడల వలన ఆచారానికి భంగం కలగకుండానే స్త్రీలకు తమ రూపాన్ని చిత్రంలో నిలుపుకొనే అవకాశం లభించింది.

కరువు చిత్రాలు

దీన్ దయాళ్ పేరు రాజవైభవంతోనే ముడిపడి ఉన్నప్పటికీ, 1899-1900 కరువులో అప్పటి నిజాము రాజ్యంలోని ఔరంగాబాదు జిల్లాలో జరిగిన సహాయక పనులను, బక్కచిక్కిన ప్రజలను కూడా చిత్రించాడు. ఒకే రాజ్యపు విందులకూ ఆకలికీ ఇతడి కెమెరా సాక్ష్యంగా నిలిచింది.

మరణం, వారసత్వం

ఇతడి కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ కూడా ఇదే వృత్తిని చేపట్టారు. 1904లో ధరమ్ చంద్, మరుసటి ఏడు దీన్ దయాళ్ మరణించారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజుపలకల నెగటివులను సేకరించింది. 2006లో భారత తపాలా శాఖ ఇతడి స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.